మీ ప్యాకేజీలోని ఒక్క లైను వల్ల నా ల్యాప్‌టాప్‌లో తెలుగు టైపింగ్ పోయింది

కస్టమర్ సపోర్ట్ వారికి,

‘సమస్య పరిష్కారమైంది’ అని మీరు మూసేసిన నా టికెట్ గురించే మళ్లీ రాస్తున్నాను. ఏదీ పరిష్కారం కాలేదు. కారణం మాత్రం దొరికింది, అదీ నేనే వెతుక్కున్నాను. కాబట్టి ఈ మెయిల్‌ని దయచేసి స్క్రిప్టు చూసి జవాబులిచ్చే వాళ్ల దగ్గర ఆపకుండా, మీ లినక్స్ ఇమేజ్ తయారుచేసే టీమ్‌కి పంపండి.

మీ ఫ్యాక్టరీ నుంచే లినక్స్‌తో వచ్చిన ల్యాప్‌టాప్ ఇది. గ్నోమ్ డెస్క్‌టాప్, వేలాండ్ సెషన్ (తెరపై విండోలు చూపించే పద్ధతి), ఐబస్‌లో (మీటల్ని తెలుగు లాంటి భాషల అక్షరాలుగా మార్చే ప్రోగ్రామ్) తెలుగు ఆర్‌టీఎస్ లేఅవుట్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి). యాక్టివిటీస్ సెర్చ్ బాక్సులో ‘అమ్మ’ అని కొడితే అమ్మే వస్తుంది. లిబ్రెఆఫీస్ రైటర్‌లో అవే మీటలు నొక్కితే ఇంగ్లిష్ అక్షరాలు పడతాయి, కమాండ్లు కొట్టే టెర్మినల్‌లోనూ అంతే, పైన ప్యానెల్ మాత్రం కీబోర్డు తెలుగులోనే ఉందని చూపిస్తుంటుంది. ఇదంతా మొదటి మెయిల్‌లోనే రాశాను. మీవాళ్లు తెలుగు ఫాంట్ వేసుకోమన్నారు (నేను తెలుగు చదవలేకపోతున్నానని ఎక్కడా అనలేదే!), తర్వాత లాంగ్వేజ్ ప్యాక్ అన్నారు, చివరికి ఫ్యాక్టరీ రీసెట్ అన్నారు. ఫైళ్లన్నీ బ్యాకప్ తీసుకుని అదీ చేశాను. మళ్లీ అదే కథ. ఎందుకు కాదు, తప్పు మీ రీసెట్ ఇమేజ్‌లోనే ఉంటే!

టెర్మినల్‌లో ఎన్వ్ కమాండ్ (ప్రోగ్రాములకి అందే సెట్టింగులు, అంటే వేరియబుల్స్, చూపించేది) కొట్టి చూస్తే జీటీకే_ఐఎమ్_మాడ్యూల్ అనే వేరియబుల్‌లో ‘జీటీకే-ఐఎమ్-కాంటెక్స్ట్-సింపుల్’ అని ఉంది. అంటే జీటీకే (విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) వాడే ప్రోగ్రాములేవీ ఐబస్ జోలికి పోకుండా మీటల్ని ఉన్నవి ఉన్నట్టే తీసుకుంటాయి. గ్నోమ్ షెల్ (ప్యానెల్, సెర్చ్ బాక్సు చూపించే ప్రోగ్రామ్) ఐబస్‌తో తనే నేరుగా మాట్లాడుతుంది కాబట్టి సెర్చ్ బాక్సు ఒక్కటీ బతికిపోయింది.

ఇది పెట్టిందెవరు? హోమ్ ఫోల్డర్‌లో బాష్‌ఆర్‌సీ, ప్రొఫైల్ ఫైళ్లు, ఈటీసీలో ప్రొఫైల్.డీ, ఎన్విరాన్‌మెంట్ ఫైలు, ఇలా లాగిన్‌లో వేరియబుల్స్ పెట్టే ఫైళ్లన్నింట్లో గ్రెప్‌తో ఆ పేరు వెతికాను, ఎక్కడా లేదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి టెక్స్ట్ కన్సోల్‌లో లాగిన్ అయి చూస్తే అసలు ఆ వేరియబులే లేదు. అక్కడే సగం తేలిపోయింది, ఎందుకంటే ఆ ఫైళ్లలో పెట్టి ఉంటే కన్సోల్‌లోనూ కనిపించాలి. ఇక డెస్క్‌టాప్ వైపు నుంచి ఒక్కో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) పట్టుకుని, ప్రాక్ ఫోల్డర్‌లో దాని ఎన్విరాన్ ఫైలు చదువుకుంటూ పైకి వెళ్లాను. టెర్మినల్‌లో కమాండ్లు తీసుకునే బాష్‌కి ఉంది, టెర్మినల్ సర్వర్‌కి ఉంది, గ్నోమ్ షెల్‌కీ ఉంది. దాని పేరెంట్ అయిన యూజర్ సిస్టమ్‌డీ (లాగిన్ అయ్యాక యూజర్ సర్వీసుల్ని మొదలుపెట్టేది) ఎన్విరాన్‌ని సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, చదివితే అందులో లేదు! కాసేపు తల తిరిగింది. కానీ ఆ ఫైలు ప్రాసెస్ మొదలైనప్పటి సంగతే చెబుతుంది, తర్వాత సిస్టమ్‌డీ పోగేసుకుని తన సర్వీసులకి పంచేవి అందులో ఉండవు. ‘సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ షో-ఎన్విరాన్‌మెంట్’ అని అడిగితే మాత్రం ఠక్కున చూపించింది.

మిగిలింది సిస్టమ్‌డీ వేరియబుల్స్ చదువుకునే ఎన్విరాన్‌మెంట్.డీ ఫోల్డర్లు. హోమ్‌లో లేదు, ఈటీసీలో లేదు, యూఎస్ఆర్ కింద లిబ్‌లో దొరికింది: 90తో మొదలయ్యే చిన్న కాన్ఫ్ ఫైలు, లోపల ఒకే ఒక్క లైను, ఎందుకు పెట్టారో చెప్పే కామెంట్ ముక్క కూడా లేదు. ఏ ప్యాకేజీది అని, ప్యాకేజీల లెక్క చూసే డీపీకేజీని అడిగితే మీ హాట్‌కీ యుటిలిటీ పేరు వచ్చింది. స్క్రీన్ వెలుతురు, ఫ్యాను స్పీడు మార్చే ప్రోగ్రామ్‌కి నా తెలుగుతో ఏం పని?

ఆ యుటిలిటీకి ఐబస్‌తో ఏదో పేచీ వచ్చి ఉంటుంది, అది మామూలే. దానికోసమైతే దాని డెస్క్‌టాప్ ఫైలులో (ప్రోగ్రామ్‌ని ఎలా మొదలుపెట్టాలో చెప్పేది), ఎగ్జెక్ లైనులోని కమాండ్‌కి ముందు ఎన్వ్‌తో ఆ వేరియబుల్ ఇస్తే సరిపోయేది, ఆ ఒక్క ప్రోగ్రామ్‌కే వర్తించేది. మీరు దాన్ని సెషన్ మొత్తానికీ రుద్దారు. తెలుగే కాదు, ఐబస్‌తో హిందీ, తమిళం కొట్టేవాళ్లకీ ఇదే గతి. ఇంగ్లిష్ తప్ప ఇంకో భాష టైప్ చేసి చూసినవాళ్లు మీ టెస్టింగ్‌లో ఒక్కరూ లేరనే అనుకోవాలి.

ప్రస్తుతానికి నా హోమ్ ఫోల్డర్‌లో, కాన్ఫిగ్ కింద ఎన్విరాన్‌మెంట్.డీలో అదే పేరుతో ఒక లింకు పెట్టి దాన్ని డెవ్ నల్‌కి (ఏమీ ఉండని ఖాళీ ఫైలు) కలిపాను, హోమ్‌లో అదే పేరుంటే మీ ఫైలు పక్కకు పోతుంది కాబట్టి. రీస్టార్ట్ చేస్తే రైటర్‌లో తెలుగు వచ్చింది. మీ ఫైలే డిలీట్ చేయొచ్చు కదా అని సలహా ఇవ్వకండి, ప్యాకేజీ అప్‌డేట్ అయితే మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

నాకు కావాల్సింది ఇంతే. తర్వాతి అప్‌డేట్‌లో ఆ లైను తీసేయండి, తీసినట్టు రిలీజ్ నోట్స్‌లో రాయండి, రీసెట్ ఇమేజ్‌నీ మార్చండి. అంతవరకూ ఇదే సమస్యతో వచ్చేవాళ్లని ఫ్యాక్టరీ రీసెట్ చేయమనడం ఆపండి, దానివల్ల ఫైళ్లు పోవడం తప్ప ఒరిగేదేం లేదు. నా టికెట్‌ని తిరిగి తెరిచి, ఫిక్స్ ఏ వెర్షన్‌లో వస్తుందో అందులోనే చెప్పండి. ఆ కాన్ఫ్ ఫైలు, కమాండ్ల అవుట్‌పుట్ అటాచ్ చేశాను.

ఇట్లు,
మీ కస్టమర్