దూరవిద్య పీజీ విద్యార్థులను మధ్యలో వదిలేయవద్దు

సంపాదకులకు నమస్కారం.

దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది. అటువంటి నగరంలో ఉద్యోగం, సంసారం చూసుకుంటూ దూరవిద్యలో ఎంఏ, ఎంకాం చేరినవారు మొదటి ఏడాదిలోనే చదువు మానుకోవడం చూస్తే బాధ కలుగుతోంది. వారికి పట్టుదల లేక కాదు. పాఠ్యపుస్తకాలు తీరా పరీక్షల ముందు మాత్రమే చేతికందితే, రాత్రుళ్లు మేలుకొని రాసిన అసైన్‌మెంట్ ఒక్క వాక్యం వ్యాఖ్యయినా లేకుండా, అట్టపై ఎర్రసిరా మార్కులతో మాత్రమే తిరిగి వస్తే, తమ చదువును పట్టించుకునేవారెవరూ లేరని ఎవరికైనా అనిపిస్తుంది. ఫీజు గడువు దాటాక నోటీసు పంపడం కన్నా, తొలి అసైన్‌మెంట్ అందని వారంలోనే కౌన్సెలర్ ఫోన్ చేసి కారణం కనుక్కోవడం ఎంతో మేలు. ఆదివారం కూడా సెలవు దొరకనివారికి తరగతుల రికార్డింగులు అందించాలి. తప్పిన పేపర్‌ను మళ్లీ ఎప్పుడు, ఎంత ఫీజుతో రాయవచ్చో ఫలితాలతోపాటే తెలియజేయాలి.

– ఒక పాఠకురాలు, విద్యానగర్, హైదరాబాద్