ముందు చెవి సంగతి రాయి, బుజ్జమ్మా

సాలిగ్రామం, చెన్నై
ఆదివారం

చిరంజీవి బుజ్జమ్మకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది, మెట్లు దిగుతోంది. చిన్నోడికి ఆ కంపెనీ నుంచి ఇంకా కబురు రాలేదు. కింది పోర్షన్ వాళ్లు ఖాళీ చేశారు, మళ్లీ టులెట్ బోర్డు పెట్టాలి.

నువ్వు డ్రమ్స్ క్లాసు మొదలుపెట్టావని విన్నప్పటి నుంచి నాలుగు మాటలు రాయాలనుకుంటున్నాను. ఫోన్‌లోనే చెప్పేవాణ్ణి. ఈ మధ్య నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, ‘క్లాసులో ఉన్నా నాన్నా’ అని మెసేజ్ పెడుతున్నావు. రాత్రి పదింటికి కూడా అదే మెసేజ్. ఆ వేళప్పుడు ఏ పిల్లలు వస్తారమ్మా? సరే, అది అలా ఉంచు. కోవూరు అత్త గృహప్రవేశానికి వచ్చినప్పుడు మీ ఇంట్లో ఉండి వచ్చింది కదా, అమ్మతో ఏవో చెప్పింది. ఆవిడ మాటల్లో సగం తీసేయాలని నాకూ తెలుసు. ఆ సంగతి తర్వాత. ముందు క్లాసు గురించి.

కొత్త పిల్లల్ని వచ్చిన రోజే డ్రమ్ సెట్ మీద కూర్చోబెట్టకు. కొన్ని వారాలు ప్యాడ్ మీదే నడిపించు. ‘ఫీజు కట్టింది రబ్బరు ముక్క మీద కొట్టడానికా’ అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగనీ. వాళ్లకు ఓపిగ్గా చెప్పు. స్టిక్‌ను వెనక చివర నుంచి మూడో వంతు దగ్గర, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టించు. మిగతా మూడు వేళ్లు ఊరికే ఆనుకుని ఉండాలి. భయం కొద్దీ పిల్లలు పిడికిలి బిగిస్తారు. బిగిస్తే స్టిక్ ఎగరదు. ఎగరకపోతే ప్రతి దెబ్బకూ చెయ్యి ఎత్తాల్సి వస్తుంది, పావుగంటకల్లా మణికట్టు లాగేస్తుంది. ఒక్క దెబ్బ వేసి, స్టిక్ తనంతట తను ఎన్నిసార్లు ఎగురుతుందో లెక్కపెట్టమను. ఆ ఆటలోనే పట్టు వదులవుతుంది. చిన్న చేతులకు 5ఏ సైజు స్టిక్ లావు, సన్నటి 7ఏ ఇవ్వు. మౌంట్ రోడ్ మ్యూసీ మ్యూజికల్‌కి వెళ్లినప్పుడు కొన్ని జతలు తీసి పెట్టాను. 1842 నుంచి ఉన్న కొట్టు కదా, ఈసారి కూడా లోపలికెళ్లినవాణ్ణి గంటకు గానీ బయటికి రాలేదు.

రుడిమెంట్స్, అదే చేతులకు నేర్పే మొదటి దెబ్బల వరుసలు, వాటి దగ్గర ఆశకు పోకు. పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ వాళ్ల పట్టికలో 40 ఉన్నాయి. 1933లో అమెరికా డ్రమ్మర్లు సంఘం పెట్టుకున్నప్పుడు 13 తప్పనిసరి అనుకున్నారు. నీ పిల్లలకు ఈ ఏడాది మూడు చాలు: సింగిల్ స్ట్రోక్, డబుల్ స్ట్రోక్, పారాడిడిల్. కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. తాళం కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 మీద పెట్టు, దాటనివ్వకు. పిల్లాడు కొడుతుంటే నువ్వు కళ్లు మూసుకుని విను. ఇది ఏ చేతి దెబ్బో నీకు తెలిసిపోతుంటే ఇంకా కాలేదన్నమాట. ఎడమ చెయ్యి పలచగా పడుతుంది, దాన్ని నువ్వే పట్టుకోవాలి. అలా పట్టుకోవాలంటే టీచరు చెవి బాగుండాలి. నీకు రెండు చెవులూ సమానంగానే వినిపిస్తున్నాయి కదా?

ఇక నోట్స్, కాగితం మీద రాసిన సంగీతం చదవడం. ఈ ఒక్కటి వదిలిపెట్టకు తల్లీ. పాట నేర్పేసి, వీడియో తీసి తల్లిదండ్రుల ఫోన్‌కి పంపే క్లాసులు ఇక్కడ వీధికొకటి ఉన్నాయి. పిల్లాడికి పాట వస్తుంది, ఆ పాట ఒక్కటే వస్తుంది. ఇళయరాజా గారి స్కోరు సంగతి నీకు చిన్నప్పుడే చెప్పాను. ప్రతి వాయిద్యానికీ ఆయన రాసే ఇస్తారు. ఆ హాల్లో కూర్చునేవాళ్లు కాగితం చూసి వాయించాలి. చదవడం వచ్చినవాడు ఏ ఊళ్లో ఎవరి ముందు కూర్చున్నా బతుకుతాడు.

నోట్స్ రాసే ఐదు గీతలూ ఒకేసారి చూపించకు. మొదట ఒకే గీత మీద స్నేర్ డ్రమ్ నోట్లు రాసి ఇవ్వు. అది నడిచాక మిగతావి. పియానో నేర్చుకునేవాళ్లకు గీత అంటే స్వరం. మనకు అది ఏ డ్రమ్ కొట్టాలో చెప్పే చోటు, అంతే. కింది సందులో బేస్ డ్రమ్, మూడో సందులో స్నేర్, పై గీతకు పైన ఇంటూ గుర్తుంటే హై-హ్యాట్. ఒక పూటలో వచ్చేస్తుంది. కష్టమంతా కాలం దగ్గర. ఒక బీట్‌లో నాలుగు సెమీక్వేవర్లు ఉంటే తకధిమి, మూడు పడే ట్రిప్లెట్ అయితే తకిట. తాత మృదంగం పక్కన కూర్చుని నువ్వు ముందు నేర్చుకున్నదీ అదే. దాని కింద ‘వన్ ఈ అండ్ ఆ’ కూడా రాయించు, రేపు ఇంకో టీచరు దగ్గరికి వెళ్లినా తడబడరు. నోటితో చెప్పలేని బార్‌ని చేత్తో కొట్టనివ్వకు. ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. చదవడం వచ్చిన పిల్లాడు తొడ మీద తట్టుకుంటూ కూడా సాధన చేస్తాడు. ఇల్లు దద్దరిల్లక్కర్లేదు, నీ గదీ దద్దరిల్లక్కర్లేదు.

రెస్ట్ దగ్గర, అంటే కొట్టకుండా ఆగాల్సిన చోట, అందరూ తడబడతారు. నా దగ్గరికి వచ్చే ఒక పిల్లాడు మంచి ప్రశ్న వేశాడు. ఒక బీట్ క్రోచెట్ కొట్టినా, అర బీట్ క్వేవర్ కొట్టి పక్కన క్వేవర్ రెస్ట్ పెట్టినా డ్రమ్ మీద వినపడేది ఒకటే కదా అంకుల్, మరి రెండు రకాలుగా ఎందుకు రాస్తారు అని. వినపడేది ఒకటే, నిజమే. డ్రమ్ దెబ్బ ఫ్లూట్ లాగా నిలబడదు. కానీ బార్‌లో నాలుగు బీట్లూ కంటికి కనపడాలి, తను ఎక్కడున్నాడో చూపు తప్పకూడదు. అందుకే సందర్భాన్ని బట్టి రాస్తారు. ఇలాంటి ప్రశ్న అడిగే పిల్లలు నీకూ దొరకాలి. ట్రినిటీ కాలేజీ పరీక్షలు ఇనిషియల్ నుంచి 8వ గ్రేడ్ దాకా ఉన్నాయి, ఎప్పుడు కట్టిస్తారని తల్లిదండ్రులు తరుముతారు. చూడని కాగితం చూస్తూనే వాయించే సైట్ రీడింగ్ కుదిరాకే అను.

భాయ్ మావయ్య నిన్న వచ్చాడు. నీ క్లాసు సంగతి చెబితే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆయన సంగతి నీకు సగమే తెలుసు. మిగతా సగం ఎప్పుడూ నీతో చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, ఊరికే కాదు.

మన ట్రూపులో అలాంటి చెయ్యి ఇంకొకరికి లేదు. పాట ఒక్కసారి వింటే చాలు, ఫిల్స్‌తో సహా దించేవాడు. కాగితం మాత్రం చదవడం రాదు. పెళ్లి కచేరీల్లో దాని అవసరం పడలేదు. రికార్డింగులకు పిలుపులు మొదలయ్యాక వచ్చింది తంటా. పన్నెండు బార్లు రెస్ట్, తర్వాత మెల్లగా స్నేర్ రోల్, అది పెరుగుతూ పోవాలి అని షీట్‌లో ఉంటుంది. నేను షేకర్ పట్టుకుని ఎదురుగా కూర్చునేవాణ్ణి. బార్‌కొక వేలు మడిచి, చివర తల ఊపేవాణ్ణి. ఆ తల చూసి వచ్చేవాడు, వెంట్రుకవాసి తేడా లేకుండా. అలా ఎన్నో ఏళ్లు నడిచింది. ఆ వేళ్ల సంగతి వయొలిన్ల వాళ్లకు కూడా తెలియదు.

తర్వాత హెడ్‌ఫోన్‌లో తాళం చెప్పే క్లిక్ పెట్టి వాయించడం వచ్చింది. తన డ్రమ్స్ చప్పుడులో క్లిక్ సరిగా వినపడటం లేదని పెంచమనేవాడు. పెంచేవారు. మర్నాడు ఇంకాస్త. ఆ క్లిక్ హెడ్‌ఫోన్ లోంచి బయటికి కారి మైకులో పడుతోందని ఇంజనీరు విసుక్కునేవాడు. స్టేజీ మీదైతే కుడిపక్క మానిటర్, దాని పక్కనే క్రాష్ సింబల్. ఇంటికొచ్చాక టీవీ ఎంత పెట్టేవాడో మీ అత్తను అడుగు. ఎవరైనా మాట్లాడుతుంటే పెదాలు చూడటం మొదలుపెట్టాడు. చెవిలో గుయ్‌మంటోందా అని అడిగితే ‘డ్రమ్మర్‌కి అది లేకుండా ఉంటుందా’ అనేవాడు. ఆ మాటను గొప్పగా చెప్పుకునేవాళ్లం అందరం ఆ రోజుల్లో.

ఒకసారి పెద్ద స్టూడియోలో రికార్డింగు. నాకు నెల్లూరులో పెళ్లి, వెళ్లలేదు. కండక్టర్ నోటితో చెబుతున్న కౌంట్ మావయ్యకు అందలేదు. కాగితం చదవడం రాదు, ఎదురుగా నా తల లేదు. ముందే వచ్చేశాడు. మళ్లీ తీశారు. మళ్లీ ముందే వచ్చాడు. హాలు నిండా మనుషులు, ఎవరూ మాట్లాడలేదట. ఆ కండక్టర్ మర్యాదస్తుడు. కసురుకోలేదు, టీ తెప్పించి ఇచ్చాడు, మావయ్య టీ తాగుతుండగానే ఇంకొకరికి కారు పంపించాడు. తిట్టినా బాగుండేది అంటాడు ఇప్పటికీ. ఆ తర్వాత గానీ చెవుల డాక్టరు దగ్గరికి రాలేదు. నేనే తీసుకెళ్లాను. వినికిడి పరీక్ష కాగితం, ఆడియోగ్రామ్‌లో గీత బాగానే వచ్చి, 4000 హెర్ట్జ్ దగ్గర గోతిలో పడ్డట్టు దిగిపోయింది. పెద్ద చప్పుళ్ల మధ్య పనిచేసేవాళ్లకు మొదట దెబ్బ తగిలేది అక్కడేనట. మాట వినపడుతుంది, అందులోని స, త లాంటి సన్నటి అక్షరాలు జారిపోతాయి. లోపలి చెవిలో ఉండే ఆ సన్నటి కణాలు పోతే మనుషులకు మళ్లీ మొలవవని డాక్టరు చెప్పారు. మావయ్య ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మన ముందుగదిలో ఎనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చుని నోట్స్ చదవడం నేర్చుకున్నాడు. కళ్లతో పట్టుకుంటాను ఇక అన్నాడు.

కోవూరు అత్త ఏం చెప్పిందో ఇప్పుడు రాస్తాను. నువ్వు ఫోన్‌ను ఎడమ చెవికి మార్చుకుంటున్నావట. ఆవిడ వంటింట్లోంచి పిలిస్తే ఒకసారికి పలకలేదట, ‘ఆ? ఆ?’ అంటున్నావట. అల్లుడు గారు టీవీ తగ్గిస్తే నువ్వు పెంచావట. అందుకేనా ఫోన్ ఎత్తడం లేదు? వినపడక, నాకు తెలిసిపోతుందనా?

నియోష్ అని అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే సంస్థ ఒకటి ఉంది. వాళ్ల లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకు 8 గంటలు ఉండొచ్చు. అక్కణ్ణుంచి 3 పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది. 100 వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. గట్టిగా వాయించే డ్రమ్స్ దగ్గర 100 దాటడం మామూలే. నీది చిన్న గది, కింద టైల్స్, ఒక పక్క అద్దాల కిటికీ. ఒక బ్యాచ్ తర్వాత ఇంకో బ్యాచ్. పిల్లలు గంటకు వెళ్లిపోతారు, నువ్వు సాయంత్రమంతా అందులోనే ఉంటావు. మందపాటి పరదాలు వెయ్యి, కింద జంపఖానా పరువు. డ్రమ్స్ మీద మ్యూట్ ప్యాడ్లు వెయ్యి, సింబల్స్ చప్పుడు తక్కువ వచ్చేవి దొరుకుతున్నాయి. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య బయటికొచ్చి కూర్చో. దూది పెట్టుకుంటే సరిపోతుందని ఎవరైనా అంటే వినకు. ఫోమ్ ప్లగ్గులు చప్పుడును ఆపుతాయి గానీ సన్నటి శబ్దాలను మరీ ఎక్కువ తినేస్తాయి. వాయించేవాళ్ల కోసం అన్ని శబ్దాలనూ దాదాపు సమానంగా తగ్గించే ప్లగ్గులు వేరే ఉంటాయి, అవి తీసుకో. డబ్బు నేను పంపుతాను. పిల్లలకు చెవుల మీద పెట్టుకునే మఫ్స్ లేకుండా సెట్ ఎక్కనివ్వకు. టీచరు పెట్టుకుంటేనే వాళ్లూ పెట్టుకుంటారు.

గులిమి కూడా కావచ్చు. అయితే మంచిదే, కడిగిస్తే పోతుంది. పిన్నులూ బడ్సూ పెట్టి తిప్పకు. అమ్మ వెల్లుల్లి నూనె కాచి పోయమంటోంది, డాక్టరు చూసేదాకా ఏదీ పొయ్యొద్దు. అదే ఉన్నట్టుండి ఒక పక్క వినికిడి తగ్గి ఉంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు. తొందరగా మందు మొదలుపెడితేనే తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. ఎప్పటి నుంచి ఇలా ఉంది, ఒక చెవా రెండూనా, గుయ్‌మంటోందా, కళ్లు తిరుగుతున్నాయా, అన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లు. డాక్టరు ముందు నువ్వు ‘ఏం లేదండీ’ అంటావని నాకు తెలుసు.

రేపే ఈఎన్‌టీ డాక్టరును చూడు. వినికిడి పరీక్ష చెయ్యమని నువ్వే అడుగు. పరీక్ష ముందు రోజు క్లాసులు వద్దు, చెవికి విశ్రాంతి ఉంటేనే లెక్క సరిగా వస్తుంది. ఆ ఆడియోగ్రామ్ కాగితం ఫొటో తీసి నాకు పంపు, భాయ్ మావయ్య ఇప్పుడు వాటిని బాగా చదువుతాడు. శుక్రవారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో నేను వస్తున్నాను, వద్దని రాయకు. 7ఏ స్టిక్స్, అమ్మ చేసిన కందిపొడి, పిల్లలకు మఫ్స్ తెస్తాను. వచ్చే వారం నీ క్లాసులు నేను చెబుతాను, నువ్వు పక్క గదిలో తలుపేసుకుని కూర్చో. అల్లుడు గారికి కూడా విడిగా రాస్తున్నాను.

ఆశీస్సులతో,
నాన్న