కాలిఫోర్నియా నుంచి తిరిగొచ్చిన నా జీతం

ఇర్వింగ్, టెక్సస్
2025 జూన్ 14

చిట్టీ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ముందుగా క్షమించు. పరీక్షలు, ప్రాజెక్టు, గది మారడం అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. నేను బాగున్నాను. అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందట. మామిడికాయ పచ్చడి భద్రంగా చేరింది, సగం అయిపోయింది కూడా. ఇక అసలు సంగతి విను. కాలిఫోర్నియా ప్రభుత్వం నా డబ్బు నాకు తిరిగి ఇచ్చేసింది! నిన్న సాయంత్రం బ్యాంకు ఖాతాలో పడింది. వింటే సీఏ చదివే నీకంత సంతోషం ఇంకెవరికీ కలగదని తెలుసు, అందుకే ముందుగా నీకే రాస్తున్నాను.

పోయిన వేసవిలో ఇంటర్న్‌షిప్ చేశానని చెప్పాను కదా. ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం కాలిఫోర్నియాలో ఉంది. నేను పనిచేసింది మాత్రం ఇర్వింగ్‌లో వాళ్లకున్న చిన్న ఆఫీసులోనే. వేసవి మొత్తంలో ఒక్క రోజు కూడా కాలిఫోర్నియాలో అడుగుపెట్టలేదు. అయినా మొదటి జీతం చీటీలోనే కాలిఫోర్నియా ఆదాయపు పన్ను కింద తొంభై డాలర్ల పైన కోత కనిపించింది. టెక్సస్‌లో వ్యక్తుల ఆదాయం మీద రాష్ట్ర పన్నే లేదు. 2019లో ఓటర్లు ఆ నిషేధాన్ని రాష్ట్ర రాజ్యాంగంలోకే ఎక్కించారు. ఇక్కడ ఉండి, ఇక్కడే పనిచేసి, ఎక్కడో ఉన్న రాష్ట్రానికి నేనెందుకు కట్టాలి?

జీతాల విభాగానికి రాస్తే, "మా ఆఫీసు అక్కడ ఉంది కాబట్టి అందరికీ అలాగే కోస్తాం" అన్నారు. ఎంత ధీమాగా చెప్పారనుకున్నావు! విజయవాడలో కాపురం ఉన్నవాళ్ల దగ్గర గుంటూరు కార్పొరేషన్ నీటి పన్ను వసూలు చేసినట్టుంది ఇది. మళ్లీ మళ్లీ రాశాను. ఆగస్టు దాకా ప్రతి జీతంలోనూ కోస్తూనే ఉన్నారు. మొత్తం కలిపితే 550 డాలర్లు దాటింది, మన రూపాయల్లో 45 వేల పైమాటే. నా వాటా అద్దె ఒక నెల వెళ్లిపోతుంది. "పోనీలే, చిన్న మొత్తమే కదా" అని ఇక్కడ ఎందరో అన్నారు. నాకు మాత్రం కడుపు రగిలిపోయింది. కష్టపడి సంపాదించిన డబ్బు చిన్న మొత్తం ఎలా అవుతుంది? మన లెక్కల మాస్టారు అర మార్కు కోసం నిన్ను స్టాఫ్ రూముకు పంపిన రోజు గుర్తుందా? ఆ రోజు నీ ముఖంలో ఉన్న పట్టుదల నాకు పదే పదే గుర్తొచ్చింది.

జనవరిలో డబ్ల్యూ-2 వచ్చింది. ఏడాది జీతం, అందులో కోసిన పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే పత్రం అది, మన ఫారం 16 లాంటిదే. 15వ గడిలో రాష్ట్రం పేరు, 16లో ఆ రాష్ట్రపు జీతం, 17లో కోసిన పన్ను ఉంటాయి. నా జీతం మొత్తాన్నీ కాలిఫోర్నియాలో సంపాదించినట్టు 16వ గడిలో రాసేశారు. సరిదిద్దిన డబ్ల్యూ-2 ఇవ్వమని అడిగితే "చూస్తాం" అన్నారు, ఆ తర్వాత జవాబే లేదు. (పింఛను, వృద్ధుల వైద్యం కోసం కోసే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు మాత్రం కోయలేదు. విద్యార్థి వీసా మీద కొత్తగా వచ్చినవాళ్లకు అవి వర్తించవు. అంత తెలిసినవాళ్లకు ఇది ఎలా తెలియలేదో!)

ఈలోగా ఒక సీనియర్, "నువ్వు విదేశీ విద్యార్థివి, నాన్ రెసిడెంట్‌వి, అంటే పన్ను లెక్కలో ఇక్కడి నివాసివి కాదు, నీకు రాష్ట్ర పన్నే ఉండదు" అన్నాడు. అది తప్పు చిట్టీ, ఇక్కడ చాలామంది పొరబడేది ఇక్కడే. ఫెడరల్ పన్ను, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్ కావడం వేరు, కాలిఫోర్నియాకు నాన్ రెసిడెంట్ కావడం వేరు. నేను కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో కూర్చుని ఇదే పని చేసి ఉంటే, ఏ వీసా మీద ఉన్నా ఆ జీతం మీద కాలిఫోర్నియాకు పన్ను లెక్క చెప్పాల్సిందే. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల మన విద్యార్థులకు ఫెడరల్ రిటర్నులో స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడకుండా తీసేసే నిర్ణీత మొత్తం) దొరుకుతుంది, కానీ అలాంటి ఒప్పందాలను కాలిఫోర్నియా లెక్కలోకి తీసుకోదు. నన్ను కాపాడింది ఒక్కటే, పని జరిగిన చోటు. కాలిఫోర్నియాలో నివాసం లేనివారి జీతం మీద పన్ను పడేది వాళ్లు ఆ రాష్ట్రంలో చేసిన పనికే. కంపెనీ ఆఫీసు ఎక్కడుందన్నది ముఖ్యం కాదు. న్యూయార్క్ కంపెనీ అయి, సొంత వీలు కోసం ఇంట్లో కూర్చుని పనిచేసి ఉంటే మాత్రం కథ వేరుగా ఉండేది, అక్కడి నిబంధన కఠినం.

డబ్ల్యూ-2 మారకపోతే ఏం చేయాలి? నా మేనేజరు మంచి మనిషి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఇర్వింగ్‌లోనే పనిచేశానో, కాలిఫోర్నియాలో పనేమీ చేయలేదని కంపెనీ కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చింది. ఆ కాగితం చేతికి వచ్చాక నాకు ధైర్యం వచ్చింది. కాలిఫోర్నియాలో నివాసం లేనివారు వేసే రిటర్ను ఫారం 540ఎన్ఆర్, దానికి జతచేసే షెడ్యూల్ సీఏ (కాలిఫోర్నియా లెక్కల పట్టిక), నా ఫెడరల్ రిటర్ను 1040-ఎన్ఆర్ నకలు సిద్ధం చేసుకున్నాను. షెడ్యూల్ సీఏలో 'ఇ' అనే నిలువు గడే అసలు కీలకం. కాలిఫోర్నియాలో సంపాదించినది అక్కడ రాయాలి. సాఫ్ట్‌వేర్ డబ్ల్యూ-2 చూసి నా జీతం మొత్తం తెచ్చి అక్కడ పెట్టేసింది. దాన్ని తీసేసి సున్నా పెట్టగానే పన్ను కూడా సున్నా అయింది, కోసిన 550 చిల్లరా రీఫండ్ గడిలోకి వచ్చి కూర్చుంది. ఆ అంకె చూస్తుంటే నాకు ఎంత ఆనందం వేసిందో! నువ్వు పక్కన ఉంటే మన పాత 'బాలెన్స్ షీటు డాన్సు' చేసేవాళ్లం.

రిటర్ను పంపిన తర్వాత శాక్రమెంటోలోని ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డు, అంటే కాలిఫోర్నియా ఆదాయపు పన్ను శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. కవరు చూడగానే గుండె జారింది. కాలిఫోర్నియా బయట పనిచేసినట్టు ఆధారాలు పంపమని అడిగారు, అంతే. మేనేజరు ఇచ్చిన కాగితం, ఇర్వింగ్ అని రాసి ఉన్న ఆఫర్ లెటరు, గది అద్దె ఒప్పందం పంపాను. ఇంకో ప్రశ్న అడగలేదు. ఎవరో పెద్ద అధికారిని బతిమాలాల్సి వస్తుందేమో అని భయపడ్డాను, కాగితాలే మాట్లాడాయి. నీ వృత్తి మీద నాకు గౌరవం పెరిగిందే! (కాలిఫోర్నియా డిసేబిలిటీ బీమా (జబ్బుపడి పనిచేయలేనివాళ్లకు ఇచ్చే రాష్ట్ర బీమా) కింద కోసిన కొంత మొత్తం ఈ రిటర్నులో రాదు, దాన్ని కంపెనీ నుంచే రాబట్టుకోవాలి. ఆ పోరు ఇంకా సాగుతోంది.)

ఇప్పుడు ఇంకో ఉత్సాహం. ఖమ్మం నుంచి వచ్చిన అక్క ఒకామె 2023 వేసవిలో ఇలాగే మరో కంపెనీలో పనిచేసింది. ఆమె జీతంలోనూ కోశారు. రిటర్ను వేయనేలేదు, ఆ డబ్బు పోయిందనే అనుకుంది. రీఫండ్ అడగడానికి రిటర్ను వేయాల్సిన గడువు తేదీ నుంచి నాలుగేళ్లు ఉంటుంది, అంటే ఆమెకు 2028 ఏప్రిల్ దాకా సమయం ఉంది! చెబితే నమ్మలేదు. అప్పటి తన మేనేజరు ఇంకా ఆ కంపెనీలోనే ఉన్నాడో లేదో కనుక్కోమన్నాను. ఉద్యోగం మానేసి వెళ్లిపోతే కాగితం రాసిచ్చేవాళ్లను వెతకడమే కష్టం. నన్నడిగితే ఇంటర్న్‌షిప్ చివరి వారంలోనే అందరూ ఆ కాగితం రాయించుకోవాలి.

నీ సీఏ పరీక్షలు ఎలా రాశావు? ఆ ఆడిటరు గారు ఇంకా ఎరుపు సిరాతోనే... అయ్యో, ఆ అక్క కాగితాల కట్టతో వచ్చేసింది, డబ్ల్యూ-2 దొరికిందట! మిగతాది తర్వాత రాస్తాను.

నీ
బుజ్జి