జింక పిల్ల కనబడితే ముందు ఆగండి

ఉదయగిరి, సీతారాంపురం వైపు పొలాలున్న అన్నలు, అక్కలు ఇది తప్పక చదవండి. గడ్డిలో జింక పిల్ల ఒంటరిగా ముడుచుకుని కదలకుండా పడుకుంటే తల్లి లేదనుకోకండి. తల్లే దాన్ని అలా దాచి మేతకు పోతుంది. మనం పక్కనే నిలబడితే దగ్గరికి రాదు. దూరంగా వచ్చేయండి, కుక్కల్ని కట్టేయండి.

గాయముండి ఈగలు ముసురుతుంటేనో, తల్లి చచ్చిపడి ఉంటేనో వెంటనే ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేయండి. వాళ్లొచ్చేదాకా నీడలో, కళ్ల మీద పల్చటి గుడ్డ కప్పి ఉంచండి. ఆవు పాలు పట్టొద్దు, విరేచనాలు పట్టుకుంటాయి. నా భయమంతా సెల్ఫీల కోసం చుట్టూ మూగే జనం గురించే. గాయం చిన్నదైనా ఆ బెదురుకే జింక ప్రాణం పోవచ్చు.

ప్రేమతోనైనా ఇంట్లో పెంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఫారెస్టు రేంజి ఆఫీసు నంబరు ఈరోజే సేవ్ చేసుకోండి.