మా డాక్టరమ్మకు థాంక్స్, కాస్త ఆలస్యంగా

నా ఎడమ కిడ్నీ తమ్ముడి ఒంట్లోకి వెళ్లి మొన్నటికి మూడు నెలలు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష లెక్క, వాడి క్రియాటినిన్, 1.2; అంటే బాగానే ఉంది. ఎవరొచ్చినా ముందు అడిగేది అదే కాబట్టి ముందే చెప్పేశాను. సర్జన్లకూ నర్సులకూ ఆ రోజే దండం పెట్టుకున్నాం. ఈ పోస్టు మాత్రం హైదరాబాద్‌లో నాతో మాట్లాడిన సైకియాట్రిస్ట్ గారి కోసం.

రక్తపరీక్షలు, టిష్యూ మ్యాచింగ్, సీటీ స్కాన్ అన్నీ అయ్యాక "సైకియాట్రీ క్లియరెన్స్ ఒక్కటి మిగిలిందమ్మా" అన్నాడు కోఆర్డినేటర్. ఒళ్లు మండింది. సొంత తమ్ముడికి ఇస్తుంటే నాకేమన్నా పిచ్చా?

డాక్టరమ్మ మావారినీ మరదలినీ బయట కూర్చోమన్నారు. నిద్ర పడుతోందా, మీరు మంచం మీదుంటే వంటెవరు చేస్తారు, ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది... అన్నీ ఇలాంటివే. తమ్ముడు మాకు నలభై వేలు బాకీ అని నోరు జారాను. "కిడ్నీ ఇచ్చాక ఆ డబ్బు అడగగలరా?" అన్నారు. నవ్వేశాను. తర్వాత "పెట్టిన కిడ్నీ పనిచేయకపోతే?" అన్నారు. మా ఇంట్లో ఎవరూ పైకి అనని మాట అది. ఏడుపొచ్చింది. టిష్యూ డబ్బా ఇటు జరిపి, ఆవిడ ఊరికే కూర్చున్నారు.

"ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాకా వద్దనొచ్చు. కారణం మీవాళ్లకు చెప్పం. దాతగా కుదరదని మాత్రమే చెబుతాం" అన్నారు. అప్పుడు తట్టింది, బ్లడ్ గ్రూపు కలిసిన రోజు అమ్మ "అక్కవి నువ్వున్నావుగా" అంది, అంతే. ఇస్తానని నేను ఎప్పుడూ అనలేదు. పది రోజులు ఆలోచించుకుని, రెండోసారి వెళ్లినప్పుడు ఆ గదిలోనే అన్నాను.

దాత ఆడమనిషైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలని, ఆమె ఇష్టాన్ని కిడ్నీ తీసుకునేవాళ్లు కాక వేరొకరు నిర్ధారించాలని అవయవ మార్పిడి 2014 రూల్స్‌లోనే ఉంది. మన దేశంలో బతికుండి కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఆ రూల్ ఎవరు రాశారో గానీ ఇళ్ల సంగతి తెలిసే రాశారు.

ఆపరేషన్ మర్నాడు కడుపులో నింపిన గ్యాస్‌కి భుజం పీకేస్తోంది. వచ్చినవాళ్లంతా "వాడికి యూరిన్ వచ్చిందా?" అనే. కోపం వస్తుందని, అది తప్పేం కాదని డాక్టరమ్మ ముందే చెప్పి ఉన్నారు, కాబట్టి సరిపోయింది. మూడో రోజు ఆవిడే వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని "మీకెలా ఉంది?" అన్నారు. తమ్ముడి ఊసే ఎత్తలేదు.

డాక్టరమ్మా, నలభై వేలూ మొన్న ఆదివారం అడిగేశాను. దసరాకి ఇస్తాడట.