వార్షిక నివేదిక: మన కోశాధికారి లేని ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికను జమాఖర్చులతో మొదలుపెట్టేవాళ్లం. ఈసారి ఆ లెక్కలు రాసిన మనిషే లేడు. మన సంఘం కోశాధికారి, నాకు ఒకటో తరగతి నుంచి స్నేహితుడు, ఈ ఏడాది గుండెపోటుతో వెళ్లిపోయాడు. పద్ధతి ప్రకారం 'ఆయన' అని రాయాలి. రెండుసార్లు అలాగే రాసి కొట్టేశాను. నాకు ఎప్పుడూ 'వాడే'. మన్నించండి.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఆడిట్ పూర్తయింది, ఒక్క రసీదు కూడా తప్పిపోలేదు. పోయే ముందురోజు దాకా పద్దులన్నీ వాడి చేత్తోనే రాసి ఉన్నాయి. సర్వసభ్య సమావేశం, పిల్లలకు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి.

రక్తదానం గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. అది వాడి పని. ఇదివరకు ఏడాదికొక పెద్ద శిబిరం పెట్టి, ఫొటోలు దిగి ఊరుకునేవాళ్లం. వాడు ఒప్పుకోలేదు. "ఎర్ర రక్తకణాలు మహా అయితే 42 రోజులు నిల్వ ఉంటాయి. ప్లేట్‌లెట్లయితే వారం ఉండడమే ఎక్కువ. అందరం ఒకేరోజు ఇచ్చేస్తే మిగతా ఏడాదంతా అవసరం పడేవాళ్ల సంగతేంటి?" అని కమిటీలో పట్టుబట్టాడు. ఆరోజు వాడికి ఎదురు చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు విడతలుగా చిన్న శిబిరాలు పెడుతున్నాం. ఒకసారి ఇచ్చాక మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలి కదా, ఎవరి గడువు ఎప్పుడు తీరుతుందో వాడే లెక్కకట్టి ఫోన్ చేసేవాడు. ముందు ఇంట్లో అందరి ఆరోగ్యం అడిగేవాడు, రక్తం సంగతి చివర్లో.

నేత్రదానానికి వాడు ఎప్పుడో అంగీకారపత్రం ఇచ్చాడు. అయినా ఆ సమయంలో ఇంట్లోవాళ్లు సరే అంటేనే ముందుకు సాగుతుంది. అంత దుఃఖంలోనూ వాడి భార్య, మా చెల్లెమ్మే గుర్తుచేసింది. కార్నియాలు, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొరలు, 6 గంటల్లోపు తీసుకోవాలి. ఐ బ్యాంకు వాళ్లు వచ్చేలోగా ఫ్యాన్ ఆపి, వాడి రెప్పలు మూసి, వాటి మీద తడి దూది నేనే పెట్టాను. తల కాస్త ఎత్తుగా ఉండాలంటే దిండు సర్దాను. అరగంటలో అయిపోయింది, ముఖంలో ఏ తేడా రాలేదు. నాన్న కళ్లు ఎవరికి పెట్టారని పాప అడిగింది. ఆ వివరాలు చెప్పరమ్మా అన్నాను. అప్పటి నుంచి దారిలో ఎవరు తేరిపార చూసినా నా కాళ్లు ఆగిపోతున్నాయి.

చెల్లెమ్మకూ పిల్లలిద్దరికీ సంఘం తరఫున ప్రగాఢ సానుభూతి తెలుపుతున్నాం. సంతాప తీర్మానం కాపీ ఇంటికి వెళ్లి ఇచ్చాం. అంతటితో సరిపోదు. మొదటి వారం ఆ ఇంట్లో నిలబడే చోటు లేదు. నెల తిరిగేసరికి గేటు చప్పుడే వినిపించడం లేదని చెల్లెమ్మ అంది. అందుకే కమిటీలో వారానికి ఒకరం వెళ్లి కాసేపు కూర్చుంటున్నాం. బ్యాంకు, ఇన్సూరెన్సు కాగితాల పనికి ఉపాధ్యక్షులు తోడు వెళ్తున్నారు. మీరూ వెళ్లండి. దయచేసి "ధైర్యంగా ఉండండి" అని చెప్పి లేచి వచ్చేయకండి. వాడి గురించి మీకు తెలిసిన సంగతులు చెప్పండి, వాడున్న ఫొటోలు ఉంటే తీసుకెళ్లండి. వాడి పేరు ఎత్తితే ఆమె ఏడుస్తుందని భయపడి కొందరు మాట మార్చేస్తున్నారు. పేరు ఎత్తకపోతేనే ఆమెకు ఎక్కువ బాధ. నాకు స్వయంగా చెప్పింది.

దాతల రిజిస్టరు ఇప్పుడు సంయుక్త కార్యదర్శి చూస్తున్నారు. అందరి పేర్ల ఎదురుగా వాడి చేతిరాతలో ఫోన్ నంబర్లు ఉన్నాయి, మొదటి పేరుకు తప్ప. అది నా పేరు. నా నంబరు వాడికి నోటికొచ్చు. "ఇక్కడ మీ నంబరు రాసుకోనా అండీ?" అని ఆమె అడిగితే, ఆ గడి అలాగే ఉంచమ్మా అన్నాను.

— కార్యదర్శి