పాట ఒకటే, రికార్డు ఏది?

సంపాదకులకు నమస్కారం.

అరవైల నాటి అమెరికన్ పాటల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ‘కాలిఫోర్నియా డ్రీమిన్’ను ‘1965 నాటి మామాస్ అండ్ పాపాస్ పాట’ అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఎఫ్ఎంలదీ, పాటల యాప్‌లదీ ఇదే వరస. ఈ పాటకు ఆ ముక్క చాలదు.

జాన్, మిషెల్ ఫిలిప్స్ దంపతులు 1963లో న్యూయార్క్ చలిలో, కాలిఫోర్నియా ఎండ కోసం కలవరిస్తూ కట్టిన పాట ఇది. లాస్ ఏంజెలెస్‌లో రికార్డు చేసినప్పుడు ప్రధాన గొంతుగా మొదట పాడింది గాయకుడు బ్యారీ మెగ్వైర్. మామాస్ అండ్ పాపాస్ బృందంలోని నలుగురూ, జాన్, మిషెల్ సహా, వెనక వంతపాటకే పరిమితం. డ్రమ్స్ హాల్ బ్లెయిన్, బేస్ జో ఆస్‌బోర్న్, కీబోర్డు ల్యారీ నెక్టెల్, ఆరంభంలో వినిపించే గిటారు పి.ఎఫ్. స్లోన్. తర్వాత నిర్మాత లూ ఆడ్లర్ అదే టేపు మీద మెగ్వైర్ గొంతు తీసేసి, బృందంలోని డెనీ డోహర్టీ చేత పాడించారు. మౌతార్గాన్ ఉన్నచోట బడ్ షాంక్ ఆల్టో ఫ్లూట్ (మామూలు ఫ్లూట్ కంటే మంద్రంగా పలికేది) వచ్చి చేరింది. (1962లో వచ్చిన రవిశంకర్ ‘ఇంప్రొవైజేషన్స్’ రికార్డులో ఫ్లూట్ వాయించిందీ ఈ షాంకే.)

అయితే మెగ్వైర్ గొంతు పూర్తిగా చెరగలేదు. స్టీరియో ప్రతి పెట్టుకుని, కుడి ఇయర్‌ఫోన్ తీసేసి, ఎడమ చెవితో మాత్రమే వినండి. పల్లవి ఎత్తుకునేచోట డెనీ వెనక మెగ్వైర్ లీలగా వినిపిస్తాడు. ఫోన్‌లో మోనో ఆడియో ఆన్‌లో ఉన్నా, ఒంటి బ్లూటూత్ స్పీకర్‌లో విన్నా రెండు చానళ్లూ కలిసిపోయి తేడా పట్టుబడదు. ఒకే చానల్‌లో వచ్చిన మోనో సింగిల్ (విడిపాట రికార్డు) కాపీతో అసలే కుదరదు.

కాలేజీ బ్యాండ్‌లకు ఒక మాట. గిటారు నాలుగో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపెట్టే బిగింపు) పెట్టి ఎ మైనర్ కార్డు ఆకారాలు వాయిస్తేనే అసలు శ్రుతి, సి షార్ప్ మైనర్, దొరుకుతుంది. కేపో లేకపోతే పాట నాలుగు అరస్వరాలు కిందికి దిగి, వంతపాటలో కింది గొంతు నేల నాకుతుంది. షాంక్ సోలోను మామూలు ఫ్లూట్ మీద పై స్థాయిలో వాయిస్తే కీచుమంటుంది తప్ప ఆ మసక రాదు.

ఇక వెస్ మాంట్‌గోమరీ 1966లో దీన్ని జాజ్ గిటారు మీద వాయించాడు. 1968లో హోసే ఫెలిసియానో, బాబీ వోమాక్ చెరో దారిలో పాడారు. వోమాక్ దగ్గర ఎండ కోసం కలవరింత పోయి చలే మిగిలింది. మా లెక్కలో తర్వాతి వాటిలో అదే మేలు. 1986లో బీచ్ బాయ్స్ పాడినప్పుడు పన్నెండు తీగల గిటారు రోజర్ మెక్‌గ్విన్‌ది.

ఏ రికార్డో చెప్పమనడం చాదస్తం కాదు. మన కాపీరైట్ చట్టంలో సౌండ్ రికార్డింగ్ హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. ఈ లెక్కన 1965 డిసెంబరు సింగిల్‌కు గడువు 2025తో సరి. స్టీరియో ప్రతి 1966 ఆల్బమ్‌ది కాబట్టి ఇంకో ఏడాది కలుపుకోవడం క్షేమం. వోమాక్‌ది 2028 దాకా, బీచ్ బాయ్స్‌ది 2046 దాకా. రచన మీద హక్కు మళ్లీ వేరు: ఇద్దరు రాస్తే, చివర పోయినవారు మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. 2001లో మరణించిన జాన్ ఒక్కరితో లెక్కేసినా 2061 దాకా ఉంటుంది. కనుక ‘పాతదే కదా’ అని లఘుచిత్రానికి అతికిస్తే రికార్డు దగ్గర తప్పించుకున్నా రచన దగ్గర దొరికిపోతారు. పైగా ఆ 1965 రికార్డుకు అమెరికాలో 2067 ఫిబ్రవరి 15 దాకా రక్షణ ఉంది. నెట్‌లో పెట్టేవాళ్లకు అదీ లెక్కే.

మీ సంగీతం పేజీలో పాట పేరు పక్కన గాయకుడు, సంవత్సరం, మోనోనా స్టీరియోనా, తర్వాత మళ్లీ పాడిందా అన్నవి వేయండి. ‘కాలిఫోర్నియా డ్రీమిన్, బాబీ వోమాక్, 1968’ అంటే అరవరుస కూడా పట్టదు.

– కొందరు పాఠకులు, విశాఖపట్నం